కలివికోడి ఆచూకీ చెప్పిందెవరు?

గండికోట లోయ దాటిన పెన్నా నది జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా సాగి సిద్ధవటం దగ్గర రెండు కొండల వరుసల మధ్యకు చేరుతుంది. దక్షిణాన పాలకొండలు, ఉత్తరాన లంకమల. ముద్దనూరు వైపు నుంచి చూస్తే ఇది మన జిల్లాకు తూర్పు కొస. ఆ కొండల పాదాన ఉన్న ముళ్లపొదల అడవిలోనే కలివికోడి కథ నడిచింది. అడవిని కాపాడటమా, అడవి మీద బతికేవాళ్లను కాపాడటమా అనే వాదన వచ్చినప్పుడల్లా ఈ కథను గుర్తు చేసుకోవాలి.

19వ శతాబ్దంలో జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు ఈ పిట్టను శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత అది ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. కానీ పొదల్లో తిరిగే మనుషులకు ఆ పిట్ట తెలుసు. కలివి పొద పేరుతో దానికి తెలుగులో పేరు కూడా ఉంది. బొంబాయి సహజ చరిత్ర సంఘం తరఫున భరత్ భూషణ్ ఈ ప్రాంతానికి వచ్చి స్థానికులను విచారించారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర, పిట్టల వేటలో ఆరితేరిన ఐతన్న రాత్రిపూట దాన్ని పట్టి చూపించాడు. 86 ఏళ్ల తర్వాత దొరికిన ఆ పిట్ట బతకలేదు కానీ, దాని జాతి బతికే ఉందని లోకానికి తెలిసింది.

1988లో అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అభయారణ్యమంటే మేతకు, కట్టెలకు, వేటకు ఆంక్షలు. వేటను 1972 వన్యప్రాణి చట్టమే నిషేధించింది. అంటే ఏ నేర్పు పిట్టను వెతికి పెట్టిందో, ఆ నేర్పుతో బతకడం చట్టం ముందు నేరం. వేట ఆగాల్సిందే, అందులో వాదన లేదు. కానీ వేట మానినవాడు ఏం తిని బతకాలి?

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవులు రిజర్వులయ్యాయి. మేతకు పుల్లరి కట్టాల్సి వచ్చింది. 1921లో, అప్పట్లో మన జిల్లాలో ఉన్న రాయచోటి తాలూకాలోను, పల్నాడులోను జనం ఆ చట్టాన్ని ఎదిరించారు. 1922లో పల్నాడులో కన్నెగంటి హనుమంతు ప్రాణమే ఇచ్చాడు.

తర్వాత పరిశోధకులు కలివికోడి తిరిగే తావులను శ్రద్ధగా పరిశీలించారు. నేలను మెత్తగా చేసి అడుగుల ముద్రలు వెతికారు. పొదలు మరీ దట్టమైనా, పూర్తిగా నరికేసినా అది ఉండదని తేలింది. పొదల మధ్య ఖాళీ నేల కావాలి. మితంగా సాగే మేత, కట్టెల సేకరణ ఆ ఖాళీని నిలబెడతాయి. మితిమీరితే అవే చేటు చేస్తాయి. కాబట్టి మేకల కాపరిని పూర్తిగా వెళ్లగొట్టినంత మాత్రాన పిట్టకు మేలు జరగదు. ఎంత మేత, ఏ కాలంలో, ఏ చోట అన్నది అతనితో కూర్చుని తేల్చుకోవాలి.

2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల్లోకి వచ్చింది. అభ్యంతరాలతో పని ఆగింది, కాలువ దారి మారింది. పిట్ట కోసం కాలువనే పక్కకు తిప్పగలిగినప్పుడు, మనిషి బతుకుతెరువు కోసం నిబంధనను సవరించడం అసాధ్యమేమీ కాదు. లంకమలకు ఉత్తరాన నల్లమలలో 1983 నుంచి పులుల అభయారణ్యం ఉంది. అక్కడ చెంచులు అడవిలోనే ఉంటూ, కొందరు అటవీశాఖలో కాపలాదారులుగా పులిని కాస్తున్నారు. అయితే కూలి ఒక్కటే చాలదు, హక్కు కూడా కావాలి.

ఆ హక్కును 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చింది. కడప జిల్లా షెడ్యూల్డు ప్రాంతం కాకపోయినా ఈ చట్టం ఇక్కడా వర్తిస్తుంది, అభయారణ్యాల్లోనూ వర్తిస్తుంది. అడవి ఫలసాయం సేకరించుకునే హక్కుతో పాటు, అడవిని, వన్యప్రాణులను కాపాడే అధికారం గ్రామసభకు ఉంది. గ్రామసభ సమ్మతి లేకుండా ఎవరినీ అడవి నుంచి కదిలించకూడదు.

దరఖాస్తుకు పట్టా కాగితాలే సాక్ష్యం కానక్కరలేదు. పెద్దలు చెప్పిన మాటను రాసిపెడితే అదీ సాక్ష్యమేనని ఆ చట్టం నియమాలు చెబుతున్నాయి. అందుకే యానాది, ఎరుకల, సుగాలి, చెంచు యువతకు, ఉపాధ్యాయులకు ఒక పని ఉంది. ఏ వాగు పక్కన తేనె తీశారు, ఏ గుట్ట మీద మేపారు, ఏ పిట్ట ఏ నెలలో కూసేది అని పెద్దలను అడిగి, ఊరి పేరుతో, తేదీతో నోటు పుస్తకంలో రాయించండి. ఆ పుస్తకం రేపు గ్రామసభలో మన హక్కుకు సాక్ష్యమవుతుంది. అడవిని ఎలా కాపాడాలో అధికారులకు చెప్పేదీ అదే అవుతుంది.