పిండి కోడి నుంచి గోధుమ మాంసం దాకా

క్షయతో చిక్కి శల్యమైన రోగికి మాంసం పెట్టమన్నాడు చరకుడు. ఒంటికి పుష్టినివ్వడంలో మాంసాన్ని మించిన తిండి లేదని సూత్రస్థానంలోనే తేల్చేసిన గ్రంథం ఆయన చరకసంహిత. అయితే అలవాటు లేని మాంసాలు రోగికి సయించవు. అందుకు చికిత్సాస్థానం ఎనిమిదో అధ్యాయంలో ఒక ఉపాయం ఉంది. కాకి మాంసాన్ని కౌజు పిట్ట అనీ, రాబందునో గుడ్లగూబనో నెమలి అనీ, పామును చేప అనీ చెప్పి రుచిగా వండిపెట్టాలి. నిజం తెలిస్తే తినడు, తిన్నా కక్కేస్తాడు. ఆయుర్వేదమంటే మొదటినుంచీ శాకాహార శాస్త్రమేనని నమ్మేవాళ్లు ఈ అధ్యాయం ఒక్కటి తిరగేస్తే చాలు. అక్కడ మాంసానికి మారువేషం వేసింది మరో మాంసమే.

ఇక మాంసం బదులు గోధుమ జిగురుతో చేసే 'గోధుమ మాంసం' మాటకొస్తే, గోధుమ సంగతి అదే గ్రంథం అన్నపానవిధి అధ్యాయంలో వస్తుంది. తీపి, చలువ, జిడ్డు, బరువు దాని గుణాలు. వాతాన్ని అణచుతుంది, విరిగినదాన్ని అతుకుతుంది, ఒంటికి కండ పట్టిస్తుంది. మాంసానికి చెప్పిన బృంహణ గుణమే, అంటే పుష్టినిచ్చే గుణమే, గోధుమకూ చెప్పారు కాబట్టి ఒకదాని చోట మరొకటి వాడొచ్చని ఈనాటి వాళ్లు తర్కిస్తారు. అందులో సగం న్యాయముంది. కానీ పిండి ముద్దను నీళ్లలో కడిగి, సాగే జిగురును మిగుల్చుకుని కూర వండుకోమని చరకుడూ చెప్పలేదు, సుశ్రుతుడూ చెప్పలేదు, వాగ్భటుడూ చెప్పలేదు.

మన దేశంలో పిండి మాంసం వేషం కట్టింది ముందు యజ్ఞశాలలో, వంటింట్లో కాదు. అంతగా కోరిక ఉంటే నేతితోనో పిండితోనో పశువును చేసుకోమని మనుస్మృతి ఐదో అధ్యాయం చెబుతుంది. 13వ శతాబ్దిలో మధ్వాచార్యుల సంప్రదాయం యజ్ఞంలో మేక బదులు పిష్టపశువునే నిలబెట్టింది. ఈ సర్దుబాటును అందరూ మెచ్చలేదు. అందరికంటే కటువుగా కాదన్న గ్రంథం మన నేల మీదే పుట్టింది. వేములవాడ చాళుక్యుల ఏలుబడిలో, గంగాధరలో, 959లో జైనాచార్యుడు సోమదేవసూరి యశస్తిలక చంపువు పూర్తి చేశాడు. ఉజ్జయిని రాజు యశోధరుడికి పీడకల వస్తుంది. శాంతికి జంతుబలి ఇవ్వమంటుంది తల్లి. ప్రాణం తీయనంటాడు కొడుకు. చివరికి ఇద్దరూ పిండి కోడి దగ్గర రాజీ పడతారు. రాజు దాన్ని బలిచ్చి, మాంసమనుకునే తింటాడు. ఫలితంగా తల్లీకొడుకులు నెమలిగా, కుక్కగా, చేపగా, మేకగా జన్మలెత్తి చివరికి నిజం కోళ్లయి పుడతారు. చంపాలనే తలంపు ఉన్నాక కోడి పిండిదైతేనేం, నిజందైతేనేం అన్నది సోమదేవుడి వాదం. మాంసంలాంటి శాకాహారం సమ్మతమా అని ఈ రోజు జరిగే చర్చల్లో ఇంత సూటిగా అడిగినవాళ్లు తక్కువ.

వైద్యులకు ఈ బాధ పట్టలేదు. 16వ శతాబ్ది భావప్రకాశంలో వండిన పదార్థాల వర్గం తెరిస్తే అలీకమత్స్యం, అంటే ఉత్తుత్తి చేప కనిపిస్తుంది. పెద్ద తమలపాకులకు మినప్పిండి పట్టించి, ఆవిరి మీద ఉడికించి, ముక్కలు కోసి నూనెలో వేయించాలి. కాల్చిన వంకాయ పచ్చడి నంజుకుని తినమని కూడా చెప్పాడు ఆ గ్రంథకర్త భావమిశ్రుడు. ఆయుర్వేద గ్రంథంలో మాంసానికి నకలు కావాలనేవాళ్లకు ఇదిగో అసలైన ఆధారం. కాకపోతే అది మినుములది, గోధుమది కాదు.

గోధుమ జిగురు కథ చైనాది. బౌద్ధాన్ని నమ్మిన లియాంగ్ చక్రవర్తి వూ 517లో పితృదేవతల బలుల్లో జంతువుల బదులు పిండి బొమ్మలు పెట్టించాడు. మన పిష్టపశువూ ఆ పిండి బొమ్మా ఒకదాన్నొకటి ఎరగకుండానే పుట్టినట్టున్నాయి. 11వ శతాబ్దిలో చైనా పండితుడు షెన్ క్వో ఉక్కు ఎలా వస్తుందో చెబుతూ, పిండిని కడిగితే జిగురు తేలినట్టే ఇనుమును కాల్చి కొడితే ఉక్కు తేలుతుందని రాశాడు. పాఠకుడికి తెలియని వస్తువుతో ఎవరూ పోలిక చెప్పరు. ఆ వంట అప్పటికే ఊరూరా తెలిసి ఉండాలి. అక్కడి మఠాల నుంచి జపాన్ మఠాలకు అది 'ఫు' పేరుతో చేరింది.

ఇక్కడ మన ముచ్చట ఒకటి. మాడుగుల హల్వా చేసేవాళ్లు గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, ఆ పాలను పాకంలో నేతితో కాస్తారు. పిప్పి పక్కకు పోతుంది. చైనా వంటవాడు అట్టిపెట్టుకున్న జిగురు ఆ పిప్పిలోనే ఉంటుంది. రాజస్థాన్ వాళ్లు మాత్రం దాన్ని వదల్లేదు. కడిగిన జిగురును ఆవిరి పట్టి, ముక్కలు కోసి వేయించి, పెరుగు మసాలా పులుసులో వేస్తే 'చక్కీ కీ సబ్జీ'. దాన్ని ఆయుర్వేద వంటని వాళ్లు చెప్పుకోరు. మాంసం తినని ఇళ్లలో పండగ పూట కూర, అంతే.

ఐరోపాలో బొలోన్యా వైద్యుడు బెకారి 1728లో గోధుమ పిండిని రెండుగా విడదీసి, ఆ జిగురు జంతు పదార్థంలా ప్రవర్తిస్తోందని ఆశ్చర్యపోయాడు. అమెరికాలో బ్యాటిల్ క్రీక్ శానిటోరియం నడిపిన డాక్టర్ కెల్లాగ్ వేరుశనగ, గోధుమ జిగురు కలిపి 'ప్రోటోస్' అనే డబ్బా మాంసం అమ్మించాడు. 1960లలో జపానుకు చెందిన జార్జ్ ఒహ్సావా ఈ గోధుమ జిగురు వంటకానికి 'సెయితాన్' అనే పేరు పెట్టాక అది హిప్పీల వంటిళ్లకు చేరింది. సరిగ్గా ఆ తరమే యోగాన్నీ ఆయుర్వేదాన్నీ కూడా అక్కున చేర్చుకుంది. అలా అమెరికాలో తయారైన ఆయుర్వేద ఆహార పట్టికల్లో, వాతప్రకృతికి పనికొచ్చే ధాన్యాల వరసలో 'గోధుమ మాంసం' చోటు సంపాదించింది. వేల ఏళ్ల నాటిదని ప్రచారమయ్యే ఈ బంధుత్వం వయసు కొన్ని దశాబ్దాలు.

కొత్తదైనంత మాత్రాన తప్పని నేననను. కానీ శాస్త్రం పేరు పెట్టుకున్నాక శాస్త్రం కొలతకూ నిలవాలి. బరువైన పదార్థాలు సగం ఆకలి తీరేదాకానే తినమన్నాడు చరకుడు. పిండివంటలు భోజనమయ్యాక అసలు ముట్టవద్దన్నాడు. ఆకలిగా ఉన్నప్పుడు కూడా మితంగానే. తప్పనిసరై తింటే రెట్టింపు నీళ్లు తాగమన్నాడు సుశ్రుతుడు. గోధుమే బరువు, అందులో పిండి పదార్థం కడిగేసిన జిగురు. ఎండబెట్టిన ఈ జిగురు (గ్లూటెన్) పొడిలో నూటికి 75 పాళ్ల దాకా ప్రోటీనే. చిన్న ముక్కలుగా, మిరియాలు, అల్లం, ఇంగువ తగిలించి మధ్యాహ్నం తినడమే మేలు. రాత్రి పూట వద్దు. ఇంకో లోటూ ఉంది. గోధుమ ప్రోటీన్‌లో లైసిన్ తక్కువ, పప్పుల్లో పుష్కలం. అందువల్ల పక్కన పప్పు ఉండాల్సిందే. ఆ లెక్కన మన ఇళ్లలోని మీల్ మేకర్, భావమిశ్రుడి మినప చేప రెండూ సెయితాన్ కన్నా ఒక మెట్టు పైనే.

గోధుమ అసలే పడనివాళ్లకు ఈ తర్కాలేవీ వర్తించవు. సీలియాక్ జబ్బుకు గోధుమే కారణమని డచ్చి పిల్లల వైద్యుడు విల్లెం డిక్కె 1950లో తన సిద్ధాంత గ్రంథంలో నిరూపించాడు. అలాంటివాళ్లు వాతప్రకృతి వాళ్లయినా, పట్టికలో సెయితాన్ మంచిదని రాసి ఉన్నా దాన్ని ముట్టకూడదు. అనుమానముంటే గోధుమ మానేయకముందే రక్తపరీక్ష చేయించుకోండి. మానేశాక చేయిస్తే జబ్బున్నా పరీక్షలో కనిపించకపోవచ్చు.