పత్తి అమ్మాలంటే స్లాట్, మిర్చికి ఏఐ సలహా, పెన్షన్‌కు ఫేస్ స్కాన్.. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో రేపటి బతుకు ఎలా ఉండబోతోంది?

టెక్నాలజీ అనగానే హైదరాబాద్ హైటెక్ సిటీ, రోబోలు, డ్రైవర్ లేని కార్లే గుర్తొస్తాయి. ఉమ్మడి వరంగల్ పల్లెల్లో మాత్రం అది వేరే దారిలో వస్తోంది. పత్తి ట్రాలీతో, మిర్చి బస్తాతో, ముసలాయన పెన్షన్‌తో పాటే ఇంట్లోకి వచ్చేస్తోంది. ఇప్పటికే ఏం మారింది? ముందు ముందు ఏం మారొచ్చు? మనం ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

పత్తి: కాంటా కంటే ముందు ఓటీపీ

జనగామ, భూపాలపల్లి రైతులకు ఇది బాగా తెలిసిన విషయమే. 2025-26 సీజన్ నుంచి సీసీఐకి పత్తి అమ్మాలంటే 'కపాస్ కిసాన్' యాప్‌లో రిజిస్టర్ కావాలి. ఆధార్, భూమి వివరాలు, ఫోన్‌కు వచ్చే ఓటీపీ.. అన్నీ సరిపోతేనే స్లాట్ దొరుకుతుంది. ఏ మిల్లుకు, ఏ రోజు వెళ్లాలో ముందే తెలుస్తుంది. అంతా సవ్యంగా నడిస్తే మిల్లు ముందు ట్రాలీ పెట్టుకుని రాత్రంతా కాపలా కాసే బాధ తప్పుతుంది.

కానీ స్లాట్‌కు వాన సంగతి తెలియదు కదా! ఆ సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాల్‌కు రూ.8,110. తేమ 8 శాతం లోపు ఉంటేనే పూర్తి ధర. 12 శాతం దాటితే సీసీఐ కొనదు. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపానుకు ఉమ్మడి వరంగల్‌లో పత్తి తడిసింది. స్లాట్ చేతిలో ఉన్నా, సరుకు ఆరకపోతే ఏం లాభం? రేపు వాతావరణ సమాచారాన్ని, స్లాట్‌ను కలిపితేనే రైతుకు అసలు మేలు.

మిర్చి: చేతిలోనే సలహాదారు

మహబూబాబాద్ అంటే మిర్చి. పక్కనే ఉన్న ఖమ్మం జిల్లాలో 'సాగు బాగు' పేరుతో మిర్చి రైతులపై ఒక ప్రయోగం జరిగింది. రాష్ట్ర ప్రభుత్వం, వరల్డ్ ఎకనామిక్ ఫోరం కలిసి చేపట్టిన ఈ పైలట్‌లో సుమారు 7,000 మంది రైతులకు ఫోన్‌లో తెలుగు సలహాలు, మెషిన్‌తో మట్టి పరీక్ష, కెమెరాతో కాయ నాణ్యత పరీక్ష అందాయి. ఫోరం లెక్క ప్రకారం దిగుబడి ఎకరాకు 21 శాతం పెరిగింది. పురుగుమందుల వాడకం 9 శాతం తగ్గింది.

ఇలాంటి సలహా ప్రతి మిర్చి రైతు ఫోన్‌లోకి వస్తే మందుల షాపులో చెప్పిందే వేదం అనే రోజులు మారొచ్చు. అయితే ఏఐ కూడా తప్పు చెబుతుంది. కొత్త మందు కొట్టే ముందు ఏఈవోను ఒక మాట అడగడం మంచిది.

అమ్మకం సంగతి చూస్తే.. ఈ-నామ్ దేశంలో 2016 ఏప్రిల్ 14న మొదలైంది. కేసముద్రం మార్కెట్‌లోనూ ఇది నడుస్తోంది. గేటు దగ్గర లాట్ నంబర్ ఇస్తారు, వ్యాపారులు ఆన్‌లైన్‌లో ధర వేస్తారు. ఒకరి ధర ఇంకొకరికి కనబడదు. రేటు నచ్చకపోతే రైతు వద్దనొచ్చు. ఈ హక్కు చాలామందికి తెలియదు!

డ్రోన్: చేనుకు మందు, ఆస్పత్రికి శాంపిల్

10 లీటర్ల ట్యాంకుతో డ్రోన్ సుమారు పది నిమిషాల్లో ఎకరం పిచికారీ చేస్తుంది. వీపున పంపు మోస్తూ మందు పీల్చే బాధ తప్పుతుంది. 'నమో డ్రోన్ దీదీ' పథకంలో మహిళా సంఘాలకు 80 శాతం వరకు, గరిష్ఠంగా రూ.8 లక్షల సబ్సిడీ పెట్టారు. మరి పంపు కొట్టి బతికే కూలీల పరిస్థితేంటి? వాళ్లకే డ్రోన్ నేర్పితే పని పోదు, మారుతుంది. పత్తి ఏరడం మాత్రం ఇప్పటికీ చేతులతోనే!

జనగామకు పక్క జిల్లా యాదాద్రిలో ఉన్న బీబీనగర్ ఎయిమ్స్‌లో 2024 అక్టోబర్‌లో డ్రోన్ సేవలను ప్రధాని వర్చువల్‌గా ప్రారంభించారు. గోదావరి ఒడ్డున, అడవి మధ్యన ఉన్న పలిమెల లాంటి మండలాలకు ఇవి చేరితే? వాగు పొంగి దారి మూసుకుపోయినా మందులు, రక్త నమూనాలు ఆగవు.

పెన్షన్: ముఖమే సంతకం

భూపాలపల్లిలో సింగరేణి రిటైర్డ్ కార్మికులు ఎక్కువ. ఏళ్ల తరబడి పని చేసిన చేతులకు వేలిముద్రలు అరిగిపోతాయి, మెషిన్ తీసుకోదు. కేంద్రం 2021 నవంబర్‌లో తెచ్చిన ఫేస్ అథెంటికేషన్‌తో ఇంట్లో కూర్చునే ఫోన్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. మనవడో, మనవరాలో సాయం చేస్తే ఐదు నిమిషాల పని.

అసలు సమస్య ఇదే

వీటన్నింటికీ కావాల్సినవి మూడు: ఫోన్, సిగ్నల్, రికార్డులో పేరు. భూమి పట్టాదారు పేరు మీద ఉంటుంది, పంట వేసేది కౌలు రైతు. యాప్ అడిగేది భూమి వివరాలు. పెట్టుబడి పెట్టి, చెమటోడ్చిన మనిషి స్క్రీన్‌పై లేకపోతే అమ్ముకునే దారే మూసుకుపోతుంది. పాత రోజుల్లో ఆఫీసులో ఎవరినైనా బతిమాలుకునేవాళ్లు. యాప్‌ను ఎలా బతిమాలతారు? అందుకే ప్రతి యాప్ వెనక సమాధానం చెప్పే మనిషి ఒకరు ఊళ్లో ఉండాలి. రైతు వేదికలు ఉన్నది ఇందుకే కదా!

ఇప్పుడే చేసుకోవాల్సిన పనులు

● ఆధార్‌కు మీరు వాడుతున్న ఫోన్ నంబరే లింక్ అయి ఉందో లేదో చూసుకోండి.
● పంట నమోదులో మీ పంట, ఎకరాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఏఈవో దగ్గర సరిచూసుకోండి.
● పిడుగుల హెచ్చరికకు 'దామిని' యాప్ పెట్టుకోండి. చేనులో ఉన్నప్పుడు ప్రాణం కాపాడుతుంది.
● పథకాల పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు నొక్కొద్దు, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.
● సాగు సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్: 1800-180-1551.

ఇంట్లో స్మార్ట్‌ఫోన్ బాగా తెలిసినవాళ్లు మీరే అయితే, ఈ వారం పక్కింటి పెద్దాయనకు ఒకసారి చూపించండి. ఆయనకు స్లాట్ దొరికేది, దొరకనిది అక్కడే తేలిపోవచ్చు.