కాడి నుంచి హిచ్ దాకా

ఎండాకాలం సెలవులు దగ్గరపడితే చాలు, మన పార్టీల్లో ట్రావెల్ ట్రైలర్ల కబుర్లు మొదలవుతాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు, వాళ్ళకి దారిలో బర్గర్లు సయించవు. అదే ట్రైలర్ ఉంటే ఎల్లోస్టోన్ లోనైనా వేడివేడిగా అన్నం, పప్పుచారు తినచ్చు. ఆలోచన బాగుంది. కాకపోతే ట్రైలర్ కొనేముందు సోఫా రంగు దగ్గర్నుంచి వంటగది దాకా అన్నీ చూసుకుంటాం గానీ, దాన్ని కారుకి తగిలించే ఇనప సామాను సంగతి మాత్రం "షాపువాడే చూసుకుంటాడులే" అని వదిలేస్తాం. ఆ ఇనప సామానునే హిచ్ అంటారు. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టుకుని అరవై మైళ్ళ వేగంతో వెళ్ళేటప్పుడు మన ప్రాణాలు దాని మీదే ఆధారపడి ఉంటాయి. అందుకని ఈ వారం దాని చరిత్ర చెప్పుకుందాం. ఎందుకు చరిత్ర అంటారా? ఒక్కొక్క హిచ్ ఒక్కొక్క ఇబ్బందిని తీర్చడానికి పుట్టింది. ఏది ఏ ఇబ్బంది కోసం పుట్టిందో తెలిస్తే మనకి ఏది కావాలో కూడా తెలిసిపోతుంది.

ముందు మన ఎడ్లబండిని గుర్తు చేసుకోండి. రెండు చక్రాలు, మధ్యలో ఇరుసు, ముందు కాడి. బస్తాలు వెనక ఎక్కువ పడితే కాడి పైకి లేచి ఎద్దుల మెడకి పలుపులు బిగుసుకుంటాయి. ముందు ఎక్కువ పడితే ఆ బరువంతా మెడల మీద పడుతుంది. అందుకే బండి తోలేవాళ్ళు కాస్త ముందుమొగ్గు ఉండేలా బస్తాలు సర్దుతారు. ట్రావెల్ ట్రైలర్ కూడా అచ్చం అలాంటి బండే. దాని ముందుకొస కారు వెనక మోపే బరువుని టంగ్ వెయిట్ అంటారు. ఇక్కడ ఎద్దుల మెడకి బదులు కారు వెనక భాగం ఉంది, అంతే తేడా.

విహారం కోసమే తయారైన తొలి ఇల్లుబండిగా చాలామంది చెప్పేది 1885లో ఇంగ్లండులోని బ్రిస్టల్ లో తయారైన 'వాండరర్'. బ్రిటిష్ నౌకాదళంలో డాక్టరుగా పనిచేసి, తరవాత పిల్లల కథలు రాసిన విలియం గోర్డన్ స్టేబుల్స్ దాన్ని చేయించుకున్నారు. రెండు గుర్రాలు లాగేవి. దానికి నాలుగు చక్రాలు కాబట్టి బరువంతా అదే మోసుకునేది, గుర్రాలది లాగే పని మాత్రమే. అలాంటి నాలుగు చక్రాల బళ్ళలో ముందు ఇరుసు పక్కకి తిరగడానికి దాని మీద పడుకోబెట్టిన ఒక ఇనప చక్రం ఉంటుంది. నేల తాకని ఆ చక్రాన్ని ఐదో చక్రం, అంటే ఫిఫ్త్ వీల్ అనేవారు. ఈ పేరు గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1914లో డెట్రాయిట్ లో ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి దగ్గరికి సిబ్లీ అనే కలప వ్యాపారి వచ్చాడు. తన పడవని ఫోర్డ్ మోడల్ టి కారుతో ఊరవతలికి లాక్కెళ్ళాలి, ఏదైనా బండి చేసిపెట్టమన్నాడు. ఫ్రూహాఫ్ చేసిన బండి ముందు భాగం కారు మీద ఆనుతుంది, వెనక భాగం సొంత చక్రాల మీద నడుస్తుంది. బరువులో కొంత భాగమే తను మోస్తుంది కాబట్టి దానికి సెమీ ట్రైలర్ అనే పేరు స్థిరపడింది. ఇవాళ హైవే మీద మన పక్కనుంచి దూసుకుపోయే పెద్ద ట్రక్కులన్నీ ఆ పద్ధతివే. అంటే లాగే బండి ఇక లాగడమే కాదు, మోయడం కూడా మొదలుపెట్టిందన్నమాట.

తరవాత జనం దారిన పడ్డారు. 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో 'టిన్ కాన్ టూరిస్ట్స్' అనే సంఘం వెలిసింది. 1920ల చివర్లో డెట్రాయిట్ దగ్గర ఆర్థర్ షెర్మన్ అనే బాక్టీరియా శాస్త్రవేత్త కుటుంబంతో కాంపింగుకి వెళ్ళి, గుడ్డ డేరా ట్రైలర్ వానలో తడిసిపోవడంతో విసిగి, గట్టి గోడలున్న ట్రైలర్ తనే చేయించుకున్నాడు. దాన్ని చూసినవాళ్ళు మాకూ కావాలనడంతో 'కవర్డ్ వాగన్' కంపెనీ పుట్టింది. 1934లో హాలీ బౌలస్ చేసిన అల్యూమినియం ట్రైలర్ 'రోడ్ చీఫ్' కి తలుపు ముందువైపు, సరిగ్గా హిచ్ పైన ఉండేది! 1936లో వచ్చిన ఎయిర్ స్ట్రీమ్ క్లిప్పర్ కి వాలీ బయామ్ ఆ తలుపుని పక్కకి మార్చాడు.

ఆ రోజుల్లో చాలామంది కారు బంపరుకి ఒక ఇనప గుండు బిగించి ట్రైలర్ ని దానికే తగిలించేవారు. ట్రైలర్లు చిన్నగా ఉన్నంతకాలం సరిపోయింది. పెద్దవయ్యేసరికి రెండు ఇబ్బందులు బయటపడ్డాయి. ఒకటి కారు వెనక కుంగిపోయి ముందు లేవడం, రెండోది ట్రైలర్ పాములా అటూ ఇటూ ఊగడం. హిచ్ చరిత్ర అంతా ఈ రెంటితో జరిగిన కుస్తీయే.

మొదటి ఇబ్బందిని చిన్న లెక్కతో చూద్దాం. కారు ముందు వెనక చక్రాల మధ్య దూరం 120 అంగుళాలు, వెనక చక్రాల నుంచి హిచ్ గుండు దాకా 60 అంగుళాలు, టంగ్ వెయిట్ 600 పౌండ్లు అనుకోండి. ఉయ్యాల బల్ల లాగా ముందు చక్రాల మీద 300 పౌండ్లు తగ్గిపోతాయి, వెనక చక్రాల మీద 600 కాదు, 900 పెరుగుతాయి. కారుని తిప్పేవి ముందు చక్రాలు, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ భారం పడేదీ వాటి మీదే. అవే తేలికైపోతే స్టీరింగు మన మాట ఎలా వింటుంది?

దీనికి విమానాలు తయారుచేసిన గ్లెన్ కర్టిస్ ఒక దారి చూపించాడు. 1920ల చివర్లో వచ్చిన ఆయన 'ఏరోకార్' ట్రైలర్ బంపరుకి తగిలేది కాదు. ముందుకి సాగి, కారు వెనక భాగంలో పడుకోబెట్టిన ఒక గాలి టైరులో కూర్చునేది. బరువు చక్రాల వెనక కాకుండా చక్రాల మీదే పడితే కారు ముందు భాగం లేవదు కదా! ఇప్పుడు పికప్ ట్రక్కు తొట్టిలో బిగించే ఫిఫ్త్ వీల్ హిచ్ సూత్రం ఇదే. గుర్రబ్బండి నాటి పేరు అలా మళ్ళీ వచ్చింది.

మరి పికప్ లేని కుటుంబాల సంగతి? వాళ్ళ కోసం రెండో ప్రపంచ యుద్ధం తరవాత వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ లు వాడకంలోకి వచ్చాయి. హిచ్ నుంచి ట్రైలర్ చట్రం కిందకి రెండు ఉక్కు స్ప్రింగు కడ్డీలు వెళతాయి, వాటిని గొలుసులతో పైకి బిగించి కడతారు. ఆ బిగింపు తోపుడు బండి పిడిని పైకి ఎత్తినట్టు పనిచేసి, వెనక పడిన భారంలో కొంత ముందు చక్రాలకి, కొంత ట్రైలర్ చక్రాలకి పంచుతుంది. ఒక్క మాట జాగ్రత్తగా వినండి. ఇది బరువుని పంచుతుంది, తగ్గించదు. కారు మోయలేని బరువుని ఏ హిచ్ కూడా మోయించలేదు.

1954లో వచ్చిన 'ది లాంగ్, లాంగ్ ట్రైలర్' సినిమా చూశారా? లుసీల్ బాల్, డెసి ఆర్నాజ్ కొత్త దంపతులు. ఆవిడ వెళ్ళిన ప్రతిచోటా జ్ఞాపకంగా రాళ్ళు ఏరి ట్రైలర్ లో దాస్తుంది, చివరికి కొండ దారిలో ఆ బరువే ప్రాణం మీదికి వస్తుంది. చూసి నవ్వుకుంటాం గానీ మనం చేసేది తక్కువా? సోనా మసూరి బస్తా, వెట్ గ్రైండర్, రెండు కుక్కర్లు, పచ్చడి జాడీలు! వాటి సంగతి అలా ఉంచి నీళ్ళే చూడండి. గాలను నీళ్ళు 8.3 పౌండ్లు. నలభై గాలన్ల టాంకు నింపితే 332 పౌండ్లు. ఆ టాంకు ఇరుసుకి వెనక ఉందా, ముందు ఉందా అన్నదాన్నిబట్టి టంగ్ వెయిట్ మారిపోతుంది.

ఇక రెండో ఇబ్బంది, ఊగడం. వెనక బరువెక్కువైతే ఇది ఎక్కువవుతుంది. వేగం పెరిగేకొద్దీ ఊపు తనంతట తను సద్దుమణిగే గుణం తగ్గుతూ పోతుంది. ఒక వేగం దాటితే తగ్గడం మాట అటుంచి, ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదవుతుంది. అందుకే అమెరికాలో టంగ్ వెయిట్ ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలంటారు. దీనికి తోడు రాపిడితో ఊపుని పట్టి ఉంచే కడ్డీలు, ట్రైలర్ ని నేరుగా నిలపడానికి ప్రయత్నించే కామ్ లు వచ్చాయి. తరవాత జిమ్ హెన్స్ లీ అనే ఆయన ఇంకో ఆలోచన చేశాడు. గుండుని కదలనివ్వకుండా నాలుగు కీళ్ళ అమరిక పెడితే, ట్రైలర్ కారు వెనక చక్రాల దగ్గర తగిలించినట్టు ప్రవర్తిస్తుంది. కర్టిస్ కోరుకున్న ఫలితమే, పికప్ తొట్టి అవసరం లేకుండా. ధర మాత్రం ఘాటుగానే ఉంటుంది.

ఇంగ్లండులో ఉన్న శ్రోతలకి ఈ అంకెలు వింతగా అనిపించవచ్చు. అక్కడ కారవాన్ లు తేలిక, ముందు మోపే బరువు కూడా తక్కువే ఉంచుతారు. దానికి బదులు వేగం మీద అదుపు ఉంది. కారవాన్ లాగే కారు మోటార్ వే మీద 60 మైళ్ళు దాటకూడదు. అక్కడి హిచ్ లలో చాలావాటికి 50 మిల్లీమీటర్ల గుండుని రాపిడి దిమ్మెలు పట్టుకుంటాయి కాబట్టి ఆ గుండుకి గ్రీజు రాయకూడదు. అమెరికా మామూలు గుండుకేమో గ్రీజు రాయాలి. బాత్ విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రయోగాలు చేసి 2009లో ప్రచురించిన ఫలితాల్లో కూడా, సామాను ఎక్కడ సర్దామన్నదీ, ముందు ఎంత బరువు ఉందన్నదీ నిలకడకి చాలా ముఖ్యమని తేలింది. మన బండివాళ్ళకి తెలిసిన సంగతే!

బ్రేకుల మాట కూడా చెప్పాలి. స్పీడోమీటర్ల వ్యాపారంలో పేరు తెచ్చుకున్న ఆర్థర్ వార్నర్ ఆ తరవాత ట్రైలర్లకి పనికొచ్చే ఎలక్ట్రిక్ బ్రేకుల వైపు మళ్ళాడు. వేగం కొలిచినాయనే వేగం ఆపే దారీ వెతికాడు. ట్రైలర్ ఊగడం మొదలైతే కారు బ్రేకు తొక్కకండి. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగు నిలకడగా పట్టుకుని, ట్రైలర్ బ్రేకు మాత్రం చేత్తో మెల్లగా వెయ్యాలి. బ్రేక్ కంట్రోలర్ చేతికందే చోట ఉండాలనేది అందుకే.

ఇన్నేళ్ళూ కారు ఎంత లాగుతుందో ఏ కంపెనీకి ఆ కంపెనీ తనకి తోచిన పరీక్ష పెట్టుకుని చెప్పేది. అందరికీ ఒకే పరీక్షగా జె2807 అనే ప్రమాణం 2008లో వచ్చింది. 2011 మోడళ్ళతో టయోటా ముందుగా దాన్ని పాటించింది, తరవాత మిగతావాళ్ళూ వచ్చారు. అయినా ఆ పెద్ద అంకె ఒక్కటే చూసి మోసపోకండి.

మనవాళ్ళకి ఇష్టమైన మినీవాన్ నే తీసుకుందాం. చాలావాటికి లాగే పరిమితి 3,500 పౌండ్లు. కానీ డ్రైవరు తలుపు పక్కన చీటీ మీద మనుషులు, సామాను కలిపి 1,350 పౌండ్లు అని ఉందనుకోండి. అమ్మమ్మ, తాతయ్య, పిల్లలతో కలిపి ఏడుగురు, సగటున 140 చొప్పున 980. మిగిలింది 370. మూడు వేల పౌండ్ల ట్రైలర్ టంగ్ వెయిట్ పన్నెండు శాతమంటే 360. ఇక మిగిలింది పది పౌండ్లు, ఒక చిన్న బియ్యం సంచి! హిచ్ బరువు ఇంకా కలపనే లేదు. లాగే పరిమితి లోపలే ఉన్నాం, మోసే పరిమితి మాత్రం అయిపోయింది. ఇలాంటప్పుడు ఖరీదైన హిచ్ కొనడం పరిష్కారం కాదు. చిన్న ట్రైలర్ గానీ, పెద్ద బండి గానీ, రెండో కారు గానీ చూసుకోవాలి.

కాబట్టి ముందు చీటీ చూడండి. తరవాత సామాను, నీళ్ళు నింపిన ట్రైలర్ ని ట్రక్ స్టాపు కాటా మీద తూయించండి. కారు, రిసీవర్, గుండు, కప్లర్, ప్రతిదాని మీదా ఒక అంకె ఉంటుంది, వాటిలో అన్నిటికంటే చిన్నదే మన పరిమితి. గుండు సైజు కప్లర్ కి సరిగ్గా సరిపోవాలి. 2 5/16 అంగుళాల కప్లర్ లో 2 అంగుళాల గుండు పెడితే తాళం పడినట్టే ఉంటుంది, గతుకులో ఊడి వచ్చేస్తుంది. కారు పుస్తకం వెయిట్ డిస్ట్రిబ్యూషన్ వాడమంటే వాడండి, కొన్ని కార్లకి వద్దంటారు, ఆ మాటా వినండి. ఊగడం ఆపే సాధనాన్ని సర్దుబాటు సరిగ్గా చేసిన బండికి అదనపు రక్షణగా పెట్టుకోండి, తప్పుడు సర్దుబాటుకి మందుగా మాత్రం వాడకండి. రెండు గొలుసులు కప్లర్ కింద అడ్డదిడ్డంగా వెయ్యండి, ముందుకొస ఊడినా నేలకి తగలకుండా వాటి మీద ఆనుతుంది.

నూరేళ్ళకి పైగా ఇంతమంది కమ్మర్లు, ఇంజనీర్లు, విమానాలు చేసినవాళ్ళు కష్టపడింది బరువు సరైన చోట పడేలా చెయ్యడానికే. ఎంత బరువు వెయ్యాలన్నది మాత్రం వాళ్ళు మన చేతిలోనే వదిలేశారు. ఈ వేసవిలో ఎటు వెళ్ళినా పెద్దలతో, పిల్లలతో క్షేమంగా వెళ్ళి లాభంగా రండి. మళ్ళీ వారం కలుసుకుందాం. సెలవు.