కలన గణితం: సంకేతాల చరిత్ర, అర్థాన్వేషణ

ఉపోద్ఘాతం

మారుతూ ఉండే రాశులను గురించిన శాస్త్రమే కలన గణితం. దీనికి రెండు అంగాలు. ఒక రాశి ఏ క్షణాన ఎంత వేగంగా మారుతున్నదో తెలిపేది అవకలనం. సూక్ష్మభాగాలను కూడి మొత్తాన్ని రాబట్టేది సమాకలనం. ఇవి పరస్పర విలోమ ప్రక్రియలన్న సూత్రం ఆధారంగా 17వ శతాబ్దంలో న్యూటన్, లైబ్నిజ్ విడివిడిగా సాధారణ పద్ధతులను రూపొందించారు. అయితే ఇద్దరూ వేర్వేరు సంకేతాలను ఎన్నుకున్నారు. సంకేతం కేవలం రాత సౌలభ్యం కాదని, ఆలోచనకు సాధనమని ఆ తరువాతి చరిత్ర తెలుపుతుంది.

న్యూటన్ చుక్క

న్యూటన్ దృష్టిలో చలరాశి అంటే కాలంతోపాటు ప్రవహించేది. ఆ రాశిని ‘ఫ్లూయెంట్’ అని, దాని ప్రవాహవేగాన్ని ‘ఫ్లక్షన్’ అని పేర్కొన్నాడు. రాశిని సూచించే అక్షరంపై ఒక చుక్క పెడితే అది మార్పు వేగం. రెండు చుక్కలు పెడితే ఆ వేగంలోని మార్పు. 1671లో రచించిన ఫ్లక్షన్ల గ్రంథం 1736 వరకు అచ్చుకాలేదు. 1687లో వెలువడిన ‘ప్రిన్సిపియా’లో సైతం ఆయన ప్రధానంగా జ్యామితి భాషనే ఆశ్రయించాడు.

లైబ్నిజ్ అక్షరాలు

లైబ్నిజ్ 1675 అక్టోబరు 29 నాటి రాతప్రతిలో, మొత్తం అనే అర్థం గల ‘సుమ్మా’ అన్న లాటిన్ పదపు తొలి అక్షరాన్ని నిలువుగా సాగదీసి సమాకలన చిహ్నంగా వాడాడు. భేదాన్ని తెలిపే లాటిన్ పదం నుండి ‘డి’ అక్షరాన్ని గ్రహించాడు. అవకలన పద్ధతిని 1684లోను, సమాకలన చిహ్నాన్ని 1686లోను ‘ఆక్టా ఎరుడిటోరం’ పత్రికలో ప్రకటించాడు.

ఏ రాశి దేనిననుసరించి మారుతున్నదో ఈ సంకేతం స్పష్టంగా చూపుతుంది. చుక్క ఆ వివరం చెప్పదు. ఒక రాశి రెండవదానిపై, రెండవది మూడవదానిపై ఆధారపడినప్పుడు రెండు మార్పురేట్లను గుణించాలి. లైబ్నిజ్ రాతలో మధ్యరాశి భిన్నాలలో వలె కొట్టివేతకు వచ్చినట్లు కనిపిస్తుంది. నియమం రాతలోనే గోచరిస్తుంది.

వివాదం, దాని మూల్యం

ఆవిష్కర్త ఎవరన్న వివాదంలో రాయల్ సొసైటీ 1712లో ఒక సంఘాన్ని నియమించింది. అప్పటి సొసైటీ అధ్యక్షుడు న్యూటనే. నివేదిక రచనలోనూ ఆయన పాత్ర ఉంది. తీర్పు ఆయన పక్షానే వచ్చింది. దరిమిలా బ్రిటన్ గణితజ్ఞులు చుక్కనే పట్టుకొని ఉండగా, ఐరోపా ఖండంలో బెర్నూలీ సోదరులు, ఆయిలర్ లైబ్నిజ్ మార్గాన్ని విస్తరించారు. సంకేతభేదం ఒక్కటే కారణం కాకపోయినా, అది ఇరుపక్షాల మధ్య గోడగా నిలిచింది. 1812లో కేంబ్రిడ్జిలో బాబేజ్, హెర్షెల్, పీకాక్ ప్రభృతులు అనలిటికల్ సొసైటీని నెలకొల్పారు. 1816లో లక్రువా ఫ్రెంచి గ్రంథాన్ని అనువదించారు. 1817లో పీకాక్ విశ్వవిద్యాలయ పరీక్షాపత్రంలోనే ‘డి’ సంకేతాన్ని ప్రవేశపెట్టాడు.

అర్థం కోసం అన్వేషణ

సంకేతం స్థిరపడినా దాని అర్థం స్థిరపడలేదు. అత్యల్ప రాశి సున్నా అయితే దానితో భాగించరాదు. సున్నా కాకపోతే చివర దానిని వదిలివేయరాదు. 1734లో బర్కిలీ ‘ది అనలిస్ట్’లో లేవనెత్తిన ఆక్షేపణ సారాంశమిదే. 1797లో లగ్రాంజ్ అత్యల్ప రాశులను పరిహరించదలచి, ప్రమేయంపై చిన్న గీత గల కొత్త సంకేతాన్ని వాడాడు. 1820లలో కోషీ అవధి భావనపై అవకలజాన్ని నిర్వచించాడు. వైయర్‌స్ట్రాస్ దానికి సంపూర్ణ కచ్చితత్వం కల్పించాడు. ఈ నిర్వచనం ప్రకారం లైబ్నిజ్ భిన్నరూపం నిజానికి భిన్నం కాదు, ఒక నిష్పత్తి చేరుకునే అవధి. 1960లలో అబ్రహాం రాబిన్‌సన్ అత్యల్ప రాశులకు సైతం తర్కబద్ధమైన పునాది వేశాడు.

ముగింపు

నేడు యాంత్రికశాస్త్రంలో కాలాన్ని అనుసరించిన మార్పుకు చుక్క, ప్రమేయాలకు లగ్రాంజ్ గీత, ఇతరత్రా లైబ్నిజ్ అక్షరాలు నిలిచి ఉన్నాయి. దాదాపు 150 ఏళ్లు అర్థం తేలకుండానే ఆ అక్షరాలు సరైన ఫలితాలనిచ్చాయి. అందుకే విద్యార్థికి సూత్రంతోపాటు అది దేనిని సూచిస్తున్నదో కూడా బోధించడం అవసరం. లేనిపక్షంలో భిన్నంలా కనిపించేదానిని భిన్నమనే భ్రమపడే ప్రమాదం ఉంది.