‘కంటెంట్‌ను బట్టి’: ఒక నియమానికి సిరికొండ నుంచి వ్యాఖ్యానం

2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన నిబంధనల సారమంతా ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది: ఏ సర్వీస్ ప్రొవైడరూ కంటెంట్‌ను బట్టి డేటా సేవలకు వేర్వేరు రేట్లు పెట్టరాదు, వసూలు చేయరాదు. నిజామాబాద్ జిల్లా సిరికొండ మండలంలో బీడీలు చుట్టే ఆడవాళ్లు, గల్ఫ్‌కు పోయిన మగవాళ్లు లేని వాడ అరుదు. అక్కడ కూర్చుని చదివితే ఈ వాక్యంలో ఏ మాటా ఉత్తది కాదని తెలుస్తుంది.

సర్వీస్ ప్రొవైడర్. సిమ్ అమ్మే కంపెనీ, ఇంటికి కేబుల్ లాగే కంపెనీ రెండూ ఇందులోకే వస్తాయి. వెబ్‌సైట్లు, యాప్‌లు రావు. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ తన ఉచిత ఇంటర్నెట్ పథకాన్ని దేశంలో మొదలుపెట్టినప్పుడు తొలి సర్కిళ్లలో మన ఆంధ్రప్రదేశ్–తెలంగాణ కూడా ఉంది. తర్వాత దాని పేరు ఫ్రీ బేసిక్స్ అయింది. పథకం ఫేస్‌బుక్‌దే అయినా మోసింది రిలయన్స్ కమ్యూనికేషన్స్. అందుకే డిసెంబరులో దాన్ని ఆపమని ట్రాయ్ చెప్పింది ఆ టెలికాం కంపెనీకే.

వేర్వేరు రేట్లు. ఉచితం కూడా ఒక రేటే. చాలామందికి మింగుడుపడనిది ఇక్కడే. పేదోళ్లకు నాలుగు సైట్లు ఫ్రీగా ఇస్తే తప్పేంది అని అప్పట్లో ఎంతోమంది నిజాయితీగానే అడిగారు. ఆ నాలుగు సైట్లు ఏవో ఎవరు తేల్చాలన్నదే నా ప్రశ్న. నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు రేటు చూడాలనుకున్న రైతుకు, ఆ సైటు జాబితాలో లేకుంటే ప్యాక్ వేయించుకోక తప్పదు. పక్కనే ఉన్న ఫ్రీ సైటులో పాత రేటున్నా దాన్నే చూసి సరిపెట్టుకుంటాడు. ఎంచుకునే హక్కు ఎవరూ లాక్కోకుండానే అట్లా చేజారిపోతుంది. 2015 ఏప్రిల్‌లో కొన్ని యాప్‌లను ఉచితంగా వాడనిచ్చే ఎయిర్‌టెల్ జీరో పథకం మీద గొడవ చెలరేగి ఫ్లిప్‌కార్ట్ అందులోంచి తప్పుకుంది. ఆ వేసవిలో పది లక్షలకు పైగా ఈమెయిళ్లు ట్రాయ్‌కు వెళ్లాయి. ఈ నియమం వెనక ఆ జనం ఉన్నారు.

కంటెంట్‌ను బట్టి. మొత్తం వాక్యానికి ప్రాణం ఈ మాటలోనే ఉంది. వన్ జీబీ కొన్నాక అందులో వీడియో చూసినా, కాల్ మాట్లాడినా, పిల్లల పాఠాలు దించుకున్నా కంపెనీకి సంబంధం లేదు. 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ ఇంటర్నెట్ కాల్స్‌కు విడిగా డబ్బులు కట్టాలని ప్రకటించి, జనం తిరగబడేసరికి కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. అదే అమలైతే సిరికొండ నుంచి దుబాయికి చేసే ప్రతి కాల్‌కూ ఇక్కడొకసారి, అక్కడొకసారి కట్టాల్సి వచ్చేది.

అక్కడ కట్టడం ఇప్పటికే ఉంది. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు, చాట అంచుకు ఆనించిన ఫోను. వాట్సాప్‌లో భర్త పంపిన ఫొటో వస్తుంది, వాయిస్ మెసేజ్ వస్తుంది. కాల్ నొక్కితే మాత్రం కలవదు. నెట్ లేక కాదు, యూఏఈలో వాట్సాప్ కాల్స్ ఆపేశారు గనుక. అక్కడి టెలికాం కంపెనీలు ఎతిసలాత్, డూ రెండింటిలోనూ ప్రభుత్వానిదే పెద్ద వాటా. 2018లో ఎతిసలాత్ బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లలో మాట్లాడుకోవడానికి మొబైల్ మీద నెలకు 50 దిర్హమ్‌ల ప్లాన్ అమ్మింది. మన లెక్కన ఇప్పుడది వెయ్యి రూపాయలు దాటుతుంది, డేటా ఖర్చు కాక. వీపీఎన్‌తో దాటుదామంటే, నేరానికి వాడినట్టు తేలితే అయిదు లక్షల నుంచి ఇరవై లక్షల దిర్హమ్‌ల దాకా జరిమానా వేసేలా 2016లో అక్కడి చట్టం సవరించారు. కూలీకి పోయిన మనిషి ఆ సాహసం ఎట్లా చేస్తాడు? ఒక మాట అటు, ఒక మాట ఇటు రికార్డు చేసి పంపుకుంటూ భార్యాభర్తలు సంసారం మాట్లాడుకోవాలి. కంటెంట్‌ను బట్టి వివక్ష అంటే ఇదీ.

డేటా సేవలు. దీని మీద చెప్పాల్సింది తక్కువ. ఇంటర్నెట్‌తో కలవని క్లోజ్డ్ నెట్‌వర్క్‌లకు ఈ నియమం వర్తించదు. ఆపద వేళ రేటు తగ్గించొచ్చు గానీ, ఏడు పనిదినాల్లో ట్రాయ్‌కు తెలపాలి.

రాదు. దాటితే రోజుకు రూ. 50,000, గరిష్ఠంగా రూ. 50 లక్షల జరిమానా. పెద్ద కంపెనీకి ఇది చిన్న మొత్తమే. పైగా ఈ నిబంధనలు రేటు గురించి మాట్లాడాయి తప్ప వేగం గురించి కాదు. సైటును ఆపడం, కావాలని స్లో చేయడం, కొందరికి ఎక్కువ స్పీడు ఇవ్వడం కుదరదన్న షరతు 2018లో లైసెన్సుల్లోకి వచ్చింది. రద్దీని సర్దుకోవడానికి సడలింపు ఉంది గానీ, అది తాత్కాలికంగా, అవసరమైనంత మేరకే, అందరికీ తెలిసేలా ఉండాలి. డేటా లిమిట్ దాటాక బ్రాడ్‌బ్యాండ్ నెమ్మదించడం ఈ కిందికి రాదు, అన్ని సైట్లకూ ఒకేలా తగ్గుతుంది కాబట్టి. దానికి 2016లోనే ట్రాయ్ 512 కేబీపీఎస్ కనీస హద్దు పెట్టింది.

వాక్యంలో లేని మాట ఒకటుంది: కస్టమర్. సిమ్ నచ్చకుంటే 1900కు మెసేజ్ పెట్టి పోర్ట్ కావచ్చు, ఆ సౌకర్యం 2011 జనవరి నుంచి దేశమంతా ఉంది. కానీ ఒకే కేబుల్ వచ్చే ఊళ్లో మారడానికి ఇంకొకటి ఉండాలి కదా! సిగ్నల్ ఒక్క కంపెనీదే అందే తండాలో పోర్టింగ్ కాగితం మీది హక్కే. అందుకే పల్లెకు కంటెంట్ నియమం పట్నానికంటే ఎక్కువ అవసరం. మారే దారి లేనోనికి ఉన్న దారైనా వంకర లేకుండా ఉండాలి.

ఈ రక్షణ పార్లమెంటు చట్టంలో లేదు, ట్రాయ్ నిబంధనల్లో, లైసెన్సు షరతుల్లో ఉంది. అక్కడి నుంచి జారిపోవడానికి పెద్ద అడ్డేమీ లేదు. ఎక్కువ డేటా పారించే యాప్‌లు తమకు వాటా కట్టాలని టెలికాం కంపెనీలు ఇంకా అడుగుతూనే ఉన్నాయి. యాప్ కట్టేది చివరికి వాడేవాని దగ్గరే రాలుతుంది. ఇక అటువైపు సంగతి. యూఏఈతో మన దేశం చేసుకున్న ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం 2022 మే 1 నుంచి అమల్లో ఉంది. ఇకపై ఆ ప్రభుత్వంతో ఏ చర్చకు కూర్చున్నా, సరుకుల సుంకాలతోపాటు లేబర్ క్యాంపు నుంచి ఇంటికి వచ్చే కాల్ సంగతి కూడా మన ప్రభుత్వం అడగాలి.