తద్దినం

‘తత్’ అంటే ఆ, ‘దినం’ అంటే రోజు. జశ్త్వ సంధితో రెండూ కలిసి ‘తద్దినం’ అయింది. ఏ రోజో మాట చెప్పదు, ఇంట్లోవాళ్లకు చెప్పనక్కర్లేదు. నాన్న పోయిన తిథి అది. చావు పేరెత్తకుండా ‘ఆ రోజు’ అనడంలో ఎంతో మన్నన ఉంది.

మాసం, పక్షం, తిథి చూసి నిర్ణయిస్తారు కాబట్టి ఏటా తారీఖు మారుతుంది. ఏడాదికోసారి వచ్చేది గనుక ఆబ్దికమనీ అంటారు. తద్దినం పెట్టే కర్త తన తండ్రి పేరుతో ఆగడు. తాత, ముత్తాతల పేర్లూ గోత్రమూ పలికి మూడు పిండాలు పెడతాడు. దర్భ పవిత్రం తొడిగిన కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమనుంచి నువ్వులూ నీళ్లూ జారుతాయి. తాతను చూడని మనవడి చెవిన ముత్తాత పేరు కూడా పడేది చాలా ఇళ్లలో ఆ పూటే.

తద్దినం ‘చేయడం’ కన్నా ‘పెట్టడం’ అనే మాటే వాడుకలో ఎక్కువ. అన్నం పెట్టడంలోని క్రియే ఇది. భోజనానికి పిలిచిన భోక్తల విస్తట్లో గారెలు ఉండాల్సిందే; పోయినాయనకు ఇష్టమైన కూరా వండుతారు.

పొద్దున్నుంచి మడి, మధ్యాహ్నం దాకా పస్తు. ఆ శ్రమవల్లేనేమో, చేజేతులా తెచ్చుకున్న చికాకును ‘కొని తెచ్చుకున్న తద్దినం’ అనడం వచ్చింది. ‘నాన్నగారి తద్దినం’ అన్నప్పుడు ఆ విసుగు ఉండదు.

తద్దినం ఒక్కరు పోయిన తిథి. తెలంగాణలో పెద్దలందరినీ కలిపి తలుచుకునే భాద్రపద అమావాస్యను పెత్రమాస అంటారు. ‘పితృ అమావాస్య’ జనం నోట అలా మారింది. ఆ రోజు వాళ్ల పేరు చెప్పి బియ్యం, కూరగాయలు ఇస్తారు.