పసుపుదీపమూ, పట్టా లేని ప్రశ్నా

కూడలిలో దీపం ఎన్ని సెకన్లు వెలగాలో నిర్ణయించే అర్హత ఎవరిది? ఆ అర్హత ఉందని తేల్చేదెవరు? చూడ్డానికి చిన్న ప్రశ్నలే కానీ, వీటి వెనుక నూట యాభయ్యేళ్ళ చరిత్ర ఉంది. అందులో నన్ను ఆలోచింపజేసిన ఘట్టాలు కొన్ని ఇక్కడ రాసిపెడుతున్నాను.

ఈ విద్యకు పునాదులు వేసినవారు ట్రాఫిక్ ఇంజనీర్లు కారు. అప్పటికి ఆ వృత్తే లేదు. 1868 డిసెంబరులో లండన్ పార్లమెంటు దగ్గర గ్యాసుతో వెలిగే సంకేతస్తంభానికి రూపకల్పన చేసిన జాన్ పీక్ నైట్ రైల్వే మనిషి. మరుసటి నెలలోనే అది పేలి, దగ్గరున్న పోలీసు గాయపడ్డాడు. 1920లో డెట్రాయిట్‌లో నాలుగు దిక్కులకూ మూడు రంగులు చూపే దీపాన్ని అమర్చిన విలియం పాట్స్ కూడా పోలీసు ఉద్యోగే. 1924లో పిట్స్‌బర్గ్ నగరం బర్టన్ మార్ష్‌ను పూర్తికాలపు ట్రాఫిక్ ఇంజనీరుగా నియమించింది. 1930లో అమెరికాలో ఆ ఇంజనీర్ల సంస్థ ఏర్పడింది. అలా ఈ పనికి ఒక పేరూ, ఒక పీఠమూ దక్కాయి.

ఇక పట్టా సంగతి. సాగునీటి పటాలపై అర్హత లేనివారు ఇంజనీర్లమంటూ సంతకాలు చేస్తూండడంతో, 1907లో వయోమింగ్ రాష్ట్రం అమెరికాలోనే మొదటి ఇంజనీరు లైసెన్సు చట్టం తెచ్చింది. టెక్సాస్ 1937లో గానీ మేలుకోలేదు. ఆ మార్చిలో న్యూ లండన్ అనే ఊళ్ళో గ్యాసు పేలి బడి కూలింది. దాదాపు మూడువందల మంది, ఎక్కువగా పిల్లలు, చనిపోయారు. కాబట్టి పట్టా వట్టి బడాయి కోసం పుట్టినది కాదు. 1990ల చివర ట్రాఫిక్ నిర్వహణకంటూ ప్రత్యేక యోగ్యతాపత్రం కూడా వచ్చింది. దానికి అనుభవం చూపాలి, పరీక్ష నెగ్గాలి, మూడేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి.

అయితే ఈ పట్టాల లోకాన్ని ఒక పసుపుదీపం చిక్కులో పడేసింది. (మనలో కొందరికి పచ్చ అంటే పసుపు, కొందరికి ఆకుపచ్చ, అందుకే పసుపు అనే అంటున్నాను.) ఆ దీపం ఎంతసేపు వెలగాలన్న సూత్రాన్ని 1960లో ప్రకటించినవారు జనరల్ మోటార్స్ పరిశోధనశాలకు చెందిన గాజిస్, హెర్మన్, మారదుదిన్. వీరిలో హెర్మన్, 1948లో ఆల్ఫర్‌తో కలిసి, విశ్వమంతటా మిగిలి ఉండవలసిన వికిరణపు ఉష్ణోగ్రతను లెక్కగట్టిన భౌతిక శాస్త్రజ్ఞుడు! సూత్రం సులువైనదే: దీపం మారిందని గ్రహించడానికి ఒక సెకను, బండి ఆగడానికి కావలసిన దూరాన్ని, ఆగకుండా అదే వేగంతో దాటడానికి మరికొంత. గంటకు 30 మైళ్ళ వేగానికి మొత్తం 3.2 సెకన్లు.

2013లో ఆరెగాన్ రాష్ట్రపు బీవర్టన్‌లో ఎర్రదీపం దాటిందని ఒకావిడకు కెమెరా జరిమానా పడింది. ఆమె భర్త మ్యాట్స్ యార్ల్‌స్ట్రమ్ స్వీడన్‌లో ఎలక్ట్రానిక్స్ చదివినవాడు. తిన్నగా పోయేవాడికి సరిపోయే ఆ సూత్రం, మలుపు కోసం వేగం తగ్గించేవాడికి చాలదని ఆయన లెక్కవేసి చూపాడు. ఆ లెక్కను ఇంజనీర్ల లైసెన్సు మండలికి కూడా పంపాడు. లైసెన్సు లేకుండా ఇంజనీరింగు చేశావంటూ మండలి ఆయనకే 500 డాలర్ల జరిమానా వేసింది. 2017లో ఆయన కోర్టుకెక్కాడు, 2018 డిసెంబరులో గెలిచాడు. సూత్రకర్తల్లో మారదుదిన్ ఆయన్ను సమర్థించాడు. చివరకు 2020లో ట్రాఫిక్ ఇంజనీర్ల సంస్థే తన మార్గదర్శకాలలో ఆ సవరణకు చోటిచ్చింది.

నాకు తోచినది ఇంతే. వంతెన కట్టేవాడికి పట్టా ఉండి తీరాలి. టెక్సాస్ పిల్లలను తలచుకుంటే అందులో సందేహం లేదు. వంతెన వంగుతోందని అరిచేవాడికి మాత్రం పట్టా అక్కరలేదు. లైసెన్సు మండలి ఈ తేడా మరచిపోయింది. పట్టాలున్న పెద్దలే కూర్చుని, పట్టా లేనివాడి లెక్క విని, తమ పుస్తకం దిద్దుకోవడం వల్ల ఆ పట్టాల విలువ తగ్గలేదనే నా నమ్మకం.